గోడ మీది సోషల్ పీరియడ్

ఏప్రిల్‌లో పరీక్షలు అయిపోయాక మా బడిలో టీచర్లకు సెలవులు ఉండవు. అడ్మిషన్ల పని ఉంటుంది. ఇద్దరిద్దరిని జట్టు చేసి, చేతికి కరపత్రాల కట్ట ఇచ్చి, అపార్ట్‌మెంట్ల మీదికి పంపుతారు. ఆ ఏడాది నాకూ ప్రవీణకూ ప్రగతి నగర్ వచ్చింది. భార్యాభర్తలు కలిసి వెళ్తే తల్లిదండ్రులు తలుపు తీస్తారని మా ఏజీఎం సోమేశ్వరరావు గారి నమ్మకం. ఏజీఎం అంటే ఆ చుట్టుపక్కల ఉన్న మా బ్రాంచీలన్నిటి మీదా అజమాయిషీ చేసే మనిషి.

నేను కొత్తగూడ బ్రాంచిలో లెక్కలు చెప్తాను. టైమ్‌టేబుల్ కూడా నేనే వేస్తాను. ప్రవీణ అదే బ్రాంచిలో ఆరు, ఏడు, ఎనిమిది తరగతులకు సోషల్ చెప్పేది. మా అమ్మాయి దేవిశ్రీ అక్కడే చదువుతుంది. ఆ జూన్‌లో ఏడో తరగతికి రావాలి. స్టాఫ్ పిల్లలకు ఫీజులో రాయితీ ఉంది. దానితో పాటు ఒక నియమం ఉంది. గేటు లోపల మమ్మీ, డాడీ అనే మాటలు వాడకూడదు. మేడమ్, సార్ అనాలి. దేవిశ్రీకి ఒకటో తరగతి నుంచీ అది అలవాటు.

ప్రగతి నగర్‌లో మేము వెళ్ళిన అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ పేరు చంద్రయ్య. మా చేతిలో కరపత్రాలు చూసి కుర్చీలోంచి లేవలేదు.

"ఇంకో బడోళ్ళు లిఫ్టుల ఉన్నరు సారూ. ఆళ్ళు దిగినంక మీరెక్కుండ్రి," అన్నాడు. "ఇప్పటికి మూడు బళ్ళు వచ్చి పోయినయి. పాలోడు ఒక్కసారే వస్తడు."

మూడో అంతస్తులో బాలాత్రిపురసుందరి గారు తలుపు తీశారు. గోదావరి జిల్లా వాళ్ళు. ఆవిడ బ్యాంకులో, ఆయన సాఫ్ట్‌వేర్‌లో. కూతురు రమ్య ఏడో తరగతికి బడి మారాలి. ఆవిడ మంచినీళ్ళు ఇచ్చి, కరపత్రం తిరగేసి, నేరుగా నన్నే అడిగారు.

"ఏడులో ఫౌండేషన్ రోజుకి ఎన్ని పీరియడ్లండి?"

"మూడు మేడమ్."

"ఇప్పుడు వెళ్ళినవాళ్ళు నాలుగన్నారండి."

ఫౌండేషన్ అంటే ఐఐటీ పరీక్షకు పునాది. ఇంటర్‌లో చదవాల్సిన లెక్కలు, ఫిజిక్స్, కెమిస్ట్రీ ఆరో తరగతి నుంచే మొదలుపెట్టే కోర్సు. నాలుగు ఉండొచ్చు, కనుక్కుని చెప్తానన్నాను.

"సోషల్ గురించి నాకు బెంగ లేదండి," అన్నారు ఆవిడ. "పరీక్షకి రెండ్రోజుల ముందు బట్టీ కొట్టేస్తుంది. మనందరం అలాగే కదండీ పాసయ్యాం."

ప్రవీణ నవ్వింది. "నేను చెప్పేది ఆ సోషలే మేడమ్."

"అయ్యో, ఏమీ అనుకోకండి. మిమ్మల్ని కాదు, సబ్జెక్టుని అన్నాను."

రమ్య బాల్కనీ గుమ్మంలో నిలబడి వింటోంది. బాల్కనీలోంచి చెరువు కనబడుతుంది. ఆ అమ్మాయి ప్రవీణను అడిగింది. "సోషల్ మేడమా మీరు? మరి వాన పడితే ఆ చెరువు నీళ్ళు మా సెల్లార్‌లోకి ఎందుకొస్తాయి?"

ప్రవీణ లేచి బాల్కనీలోకి వెళ్ళింది. నేను ఫీజు గురించి మాట్లాడుతున్నాను. మధ్యలో ఆమె మాటలు వినబడుతున్నాయి.

"దీనికి మీద ఇంకో చెరువుంటది. దీని కింద ఇంకోటి. మీదిది నిండితే నీళ్ళు దీంట్లకు రావాలె, ఇది నిండితే కిందిదాంట్లకు పోవాలె. గొలుసు లెక్క. నడిమిట్ల తొవ్వ మూసిండ్రనుకో, ఇగ మీ సెల్లారే తొవ్వ."

"కింది చెరువు ఎక్కడుంది?"

"బడికి రా. చెప్తా."

సుందరి గారు కూతురి ముఖం చూశారు. "దానికి మీ టీచరు నచ్చినట్టుందండీ," అని నాతో అని, పెన్ను అడిగారు. అడ్మిషన్ అక్కడికక్కడే అయింది.

మెట్లు దిగుతూ ప్రవీణ అంది. "చూసినవా? సోషల్ చూపించి ఫౌండేషన్ అంటగట్టినం."

ఇద్దరం నవ్వుకున్నాం. ఆ సాయంత్రం ఇంకో రెండు బ్లాకులు తిరిగాం.

*

మే చివరి వారంలో సోమేశ్వరరావు గారు నన్ను పిలిచారు. ప్రిన్సిపాల్ రాజరాజేశ్వరి గారు కూడా ఉన్నారు. ఏసీ పనిచేయడం లేదు. ఆయన కరపత్రంతో విసురుకుంటున్నారు.

"మూర్తి గారూ, ఈ ఏడు ఆరు నుంచి ఎనిమిది దాకా ఫౌండేషన్ రోజుకి నాలుగు చేద్దామండి. కోడింగ్ కూడా అడుగుతున్నారు. అది ఒకటి."

"రోజుకు ఎనిమిది పీరియడ్లే సార్. ఐదు వాటికే పోతే మిగిలేవి మూడు. తెలుగు, హిందీ, ఇంగ్లీషు. సోషల్ ఎక్కడ పెట్టాలి?"

"పరీక్షల ముందు ఒక వారం పెట్టుకుందాం."

"తనిఖీకి వస్తే?"

"గోడ మీద ఉంటుంది కదండీ," అన్నారు రాజరాజేశ్వరి గారు.

మా బడిలో టైమ్‌టేబుళ్ళు రెండు. ఒకటి ఆఫీసు ముందు గోడకు ఉంటుంది. ప్రభుత్వం చెప్పిన సబ్జెక్టులన్నీ, ఆటల పీరియడ్‌తో సహా, అందులో ఉంటాయి. రెండోది టీచర్ల ఫోన్లలో ఉంటుంది. బడి నడిచేది రెండోదాని ప్రకారం. తొమ్మిది, పది తరగతులకు ఇది ఎప్పటినుంచో ఉంది. ఎవరూ దాచిపెట్టరు. కొత్తగా వచ్చిన టీచరుకు మొదటి రోజే చెప్తారు, ఫలానాది గోడది, ఫలానాది మనది అని. ఇప్పుడు అది కింది తరగతులకు దిగుతోంది.

"ప్రవీణ మేడమ్ సంగతేంటి సార్?"

"ఆవిడ్ని తియ్యటం లేదండి. సాయంత్రం స్టడీ అవర్లు ఇవ్వండి. పిల్లలు వర్క్‌షీట్లు చేస్తుంటే కూర్చోవాలి. జీతం అదే."

"పన్నెండేళ్ళ నుంచి పాఠం చెప్తోంది సార్."

"నాకు తెలీదేంటండీ? నేనూ హిస్టరీ ఎమ్మేనే." ఆయన కరపత్రం బల్ల మీద పెట్టారు. "పేరెంటు ఏది అడిగితే అది పెడతాం. సుందరి గారి దగ్గర నాలుగని ఒప్పుకుని వచ్చింది మీరే కదా? మీరు టైమ్‌టేబుల్ వెయ్యనన్నా నాకేం కోపం లేదు. నిజాంపేట బ్రాంచి నుంచి ఒకతన్ని పిలుస్తాను. అతను మేడమ్‌కి స్టడీ అవర్లు కూడా మిగల్చడు."

నేను ల్యాప్‌టాప్ తెరిచాను.

టైమ్‌టేబుల్ వేయడంలో కష్టమంతా ఒక టీచరు ఒకే సమయంలో రెండు గదుల్లో పడకుండా చూడటమే. ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల నుంచి సోషల్ తీసేశాక ప్రవీణ ఏ గదిలోనూ పడలేదు. ఆ ఏడాది పని తొందరగా అయింది.

*

మియాపూర్ డిపో వెనక రెండు గదుల పోర్షన్‌లో కిరాయికి ఉంటాం. గోడ మీది టైమ్‌టేబుల్ చార్టు మీద రాసి రంగులు వేసి పెట్టడం దేవిశ్రీ పని. మూడో తరగతి నుంచీ తనే వేస్తోంది. లెక్కలకు నీలం, తెలుగుకు ఎరుపు, సోషల్‌కు ఆకుపచ్చ. ఆ సాయంత్రం చార్టు నేల మీద పరిచి బోర్లా పడుకుని గళ్ళు గీస్తోంది. నేను ప్రవీణకు సంగతి చెప్పాను.

ఆమె చిక్కుడుకాయలు తుంచుతోంది. ఆపలేదు.

"ఇగ వాళ్ళకు సోషల్ ఎవరు చెప్తరు?"

"పరీక్షల ముందు ఒక వారం ఉంటది. నువ్వే చెప్తవు."

"ఏడాది పాఠం వారంల." తుంచిన కాయలు గిన్నెలో వేసింది. "సార్, మీరు లెక్కల మాస్టరే గదా. జర గా లెక్క చెప్పుండ్రి."

ఇంట్లో ఆమె నన్ను సార్ అంటే కోపం వచ్చిందని.

"ఇద్దరం బంద్ పెడదామా?" అన్నాను. "వేరే బడి చూసుకుందాం."

"వేరే బళ్ళ సోషల్ ఉన్నదా?"

ఏప్రిల్‌లో మా ముందు లిఫ్టు ఎక్కిన బడి కరపత్రం నా సంచిలో ఉంది. అందులో ఉన్నదీ మా కరపత్రంలో ఉన్నదే.

"మరి దేవి ఫీజు?" అంది.



దేవిశ్రీ తలెత్తింది. "డాడీ, సోషల్‌కి గ్రీన్ వెయ్యాల్నా? గ్రీన్ స్కెచ్ అయిపోవస్తుంది. ఇది ఉత్తదే గదా?"

"వెయ్యి బిడ్డా," అంది ప్రవీణ. "మంచిగ వెయ్యి. ఇగ నేనుండేది గా గోడ మీదనే."

*

జూన్‌లో బడి తెరిచిన వారానికి వాన పడింది. ముగ్గురం బడి నుంచి వస్తున్నాం. మియాపూర్ మెట్రో మెట్ల మీద చిక్కుకుపోయాం. మెట్ల మీద జనం, కింద రోడ్డు మీద నీళ్ళు. దేవిశ్రీ చిప్స్ తిని ఖాళీ ప్యాకెట్ చేతిలో పట్టుకుంది.

"ఈ నీళ్ళు ఎటు పోతయి మమ్మీ?"

"నువ్వే చెప్పు."

"నాకేం ఎరుక?"

"ప్యాకెట్ అండ్ల ఎయ్యి. అది ఎటు పోతే అటు పల్లం."

దేవిశ్రీ కింది మెట్టు దాకా దిగి ప్యాకెట్ నీళ్ళలో వదిలింది. అది డివైడర్ పక్కనే కొంత దూరం పోయింది. ఒక ఆటో టైరుకు తగిలి ఆగింది. ఆటో కదిలాక మళ్ళీ పోయింది. డిపో గోడ దగ్గర తిరగడం మొదలుపెట్టింది.

"గోడ లేకుంటే ఎటు పోతుండె?" అని అడిగింది ప్రవీణ.

"గోడ అవతలికి."

"అవతల ఏముంటుండె?"

దేవిశ్రీ ఆలోచించింది. "చెరువా?"

"ఈసారి ఆదివారం పోయి చూద్దాం. చూడకుంట చెప్పొద్దు."

ప్రవీణ ముఖం అలా వెలగడం నేను ఆ ఎండాకాలం అంతా చూడలేదు. మెట్ల మీద పక్కన నిలబడ్డ ఐడీ కార్డుల కుర్రాళ్ళు కూడా ఫోన్లు దించి ఆ ప్యాకెట్ ఎటు పోతుందో చూశారు. "అరె, ఫ్లైఓవర్ కట్టేటోళ్ళకు గీ మేడమ్‌ను ఇయ్యాలెరా," అన్నాడు వాళ్ళలో ఒకడు.

ఆదివారం వెళ్ళలేదు. ఏడో తరగతికి ఆదివారం ఫౌండేషన్ పరీక్ష పెట్టారు.

*

స్టడీ అవర్లో టీచరు కుర్చీలో కూర్చుంటుంది. పిల్లలు వర్క్‌షీట్లు నింపుతారు. అనుమానం వస్తే రాసి పెట్టుకోవాలి, ఫౌండేషన్ సార్ వచ్చినప్పుడు అడగాలి. బోర్డు వాడకూడదు. ప్రతి గదిలో కెమెరా ఉంది. ప్రిన్సిపాల్ గదిలో తెర ఉంది.

జులైలో ఒకరోజు ఏదో సంతకం కోసం నేను రాజరాజేశ్వరి గారి గదిలో ఉన్నాను. ఆవిడ తెర వైపు చూసి కళ్ళజోడు సర్దుకున్నారు. ఏడో తరగతి గదిలో ప్రవీణ బోర్డు ముందు నిలబడి ఉంది. బోర్డు మీద మూడు గుండ్రాలు, వాటిని కలుపుతూ గీతలు. తెరలో శబ్దం రాదు. పిల్లల తలలన్నీ పైకి ఉన్నాయి. ముందు బెంచీలో రమ్య లేచి నిలబడి ఏదో అడుగుతోంది. వెనక దేవిశ్రీ బెంచీ మీద మోకాళ్ళ మీద కూర్చుని చూస్తోంది.

"మూర్తి గారూ," అన్నారు ఆవిడ. "ఏజీఎం గారి ఫోన్లో కూడా ఇది కనబడుతుంది. నేను వెళ్ళి చెప్తే బాగోదండి. మీరే ఒక మాట చెప్పండి."

"మీరు చెప్తేనే మర్యాదగా ఉంటుంది మేడమ్."

"నాకు మాత్రం చెప్పాలనుందా? మా అబ్బాయికి ఆరులో ప్రవీణ గారే చెప్పారు. వాడికి ఇప్పటికీ ఆ పాఠాలే గుర్తున్నాయి. వెళ్ళండి, ప్లీజ్."

మెట్లెక్కి ఆ గది గుమ్మం దగ్గర నిలబడ్డాను. లోపల రమ్య గొంతు వినబడుతోంది. "మరి మేడమ్, మీరు మా ఇంట్లో చెప్తానన్నారుగా, కింది చెరువు ఎక్కడుందో."

ప్రవీణ నన్ను చూసింది. ఆమె డస్టర్ తీసుకుని మూడు గుండ్రాలూ తుడిచింది. గీతలు తుడిచింది. కుర్చీలో కూర్చుని, "వర్క్‌షీట్ చేసుకోండి," అంది.

"ఏమైంది సార్?" అని దేవిశ్రీ నన్ను అడిగింది.

"ఏం కాలేదు. కూర్చో," అన్నాను.

*

ఆగస్టులో విద్యాశాఖ తనిఖీ వచ్చింది. రెండు రోజుల ముందే తెలిసింది. ఆ రెండు రోజులూ ఫౌండేషన్ ఆపారు. ఆరు నుంచి ఎనిమిది దాకా అన్ని తరగతులూ సోషల్ నోట్సు రాశాయి. జూన్ నుంచి చెప్పినట్టుగా పాఠాలన్నీ రాయాలి. రాజరాజేశ్వరి గారు గది గదికీ తిరిగి చెప్పారు. "ఒక్కో పాఠం ఒక్కో పెన్నుతో రాయండమ్మా. ఒకే రోజు రాసినట్టు ఉండకూడదు. మధ్యలో ఒక రోజు ఆబ్సెంట్ అయినట్టు కూడా వదలండి."

తనిఖీ రోజు బడి గోడ టైమ్‌టేబుల్ ప్రకారం నడిచింది. పిల్లలు చార్టు ముందు గుంపుగా నిలబడి ఏ పీరియడ్ ఏదో చూసుకున్నారు. ఆటల పీరియడ్ ఉన్నవాళ్ళు అరిచారు. మూడో పీరియడ్ ఏడో తరగతికి సోషల్.

వచ్చిన అధికారికి యాభై దాటి ఉంటాయి. జిల్లాల్లో సోషల్ టీచరుగా పనిచేసి పైకి వచ్చానని మెట్ల మీద నాతో చెప్పారు. టీ వద్దన్నారు. నేరుగా తరగతికి పోదామన్నారు. వెనక బెంచీలో పిల్లల పక్కన కూర్చున్నారు. నన్ను గుమ్మం దగ్గర నిలబడమన్నారు రాజరాజేశ్వరి గారు.

ప్రవీణ చెరువుల పాఠం మొదలుపెట్టింది. ఇంగ్లీషులో చెప్తూ, పిల్లల ముఖాలు చూసి తెలుగులోకి వస్తూ. బోర్డు మీద మళ్ళీ మూడు గుండ్రాలు గీసింది. అలుగు అంటే నిండిన చెరువు ఎక్కడ పొర్లాలో ముందే నిర్ణయించి కట్టిన రాతి గట్టు అని చెప్పింది. ఒక చెరువు అలుగు పారితే కింది చెరువు నిండుతుంది, చివరి చెరువు నీళ్ళు మూసీలో కలుస్తాయి అంది. రమ్యను లేపి, "నీ సెల్లార్ గొలుసులో ఎక్కడుందో పెట్టు," అంది. రమ్య రెండో గుండ్రానికీ మూడోదానికీ మధ్య ఇల్లు బొమ్మ వేసింది. తరగతి నవ్వింది. అధికారి కూడా నవ్వారు. రాసుకునే కాగితం పక్కన పెట్టేశారు.

పీరియడ్ అయిపోవస్తుండగా ఆయన లేచి, ఎవరిని అడుగుదామా అని చూసి, దేవిశ్రీ దగ్గర ఆగారు. ఆమె మా అమ్మాయని ఆయనకు తెలియదు.

"నీ పేరేందమ్మా?"

"దేవిశ్రీ సార్."

"నీకు సోషల్ ఎవరు చెప్తరు?"

"ప్రవీణ మేడమ్ సార్."

"ఈ పాఠానికి ముందు మేడమ్ ఏం చెప్పింది? నోట్సు చూడకు. గుర్తున్నది చెప్పు."

నోట్సులో దానికి ముందు పాఠం వేరే పెన్నుతో ఉంది. ఏం రాసిందో దేవిశ్రీకి గుర్తుండే అవకాశం లేదు. అయినా చెప్పింది.

"జూన్‌లో వాన పడ్డప్పుడు మేడమ్ మమ్మల్ని బయటికి తీసుకెళ్ళారు సార్. నీళ్ళు ఎటు పోతాయో చూడమన్నారు. నేను చిప్స్ ప్యాకెట్ నీళ్ళల్లో వేశాను. అది ఎటు పోతే అటు పల్లం. ఒక ఆటో టైరుకి తగిలి ఆగింది. మళ్ళీ పోయింది. గోడ దగ్గర తిరిగింది. గోడ లేకపోతే ఎటు పోయేదో మేడమ్ అడిగారు. చూడకుండా చెప్పొద్దన్నారు."

"క్లాసంతా పోయిండ్రా?"

"అందరం వెళ్ళాం సార్. రమ్య గొడుగు మర్చిపోయింది."

రమ్య లేచింది. "అవును సార్. మొత్తం తడిసిపోయాను. మా అమ్మ తిట్టింది."

"నాది బిస్కెట్ ప్యాకెట్ సార్," అంది కిటికీ పక్క అమ్మాయి. "మునిగిపోయింది."

ఇంకో ఇద్దరు చేతులెత్తారు. ఒకరి చెప్పు కొట్టుకుపోయిందట. ఒకరు ఆటో డ్రైవర్‌తో మాట్లాడారట. తరగతి మొత్తం ఆ వానలో నిలబడింది. నేను గుమ్మంలోంచి వాళ్ళ ముఖాలు చూశాను. అబద్ధం చెప్తున్న పిల్లల్లా లేరు.

ప్రవీణ చేతిలో సుద్దముక్క బోర్డుకు ఆనించి ఉంది. అది కదలలేదు.

"సిట్ డౌన్, దేవిశ్రీ," అంది.

అధికారి ప్రవీణ వైపు తిరిగారు. "ఇరవై ఏండ్లు చెప్పిన మేడమ్, నాకు గిది తట్టలే. వారానికి ఎన్ని పీరియడ్లు ఇస్తున్నరు మీకు? సరిపోతున్నయా?"

ఆమె ఆయన వైపు చూసింది. నోరు తెరిచింది. తరువాత దేవిశ్రీ వైపు చూసింది, ఆ తరువాత నా వైపు.

"ఆరు సార్," అన్నాను నేను.

"మంచిది. ఇంకోటి పెంచుండ్రి," అన్నారు ఆయన.

వెళ్ళే ముందు రిజిస్టర్‌లో ప్రవీణ పేరు రాసి మెచ్చుకుని సంతకం పెట్టారు. మధ్యాహ్నం నుంచి బడి మళ్ళీ ఫోన్ టైమ్‌టేబుల్‌కు వచ్చింది. ఏడో తరగతికి నాలుగు గంటలకు స్టడీ అవర్. ప్రవీణ వెళ్ళి కుర్చీలో కూర్చుంది. "మేడమ్, రేపు కూడా సోషల్ ఉందా?" అని పిల్లలు అడిగారట. దేవిశ్రీ చెప్పింది.

ఇంటికి వచ్చాక ప్రవీణ కూతుర్ని ఎదురుగా కూర్చోబెట్టుకుంది.

"గట్ల చెప్పుమని ఎవరు నేర్పిండ్రే?"

"ఎవ్వరు నేర్పలే. నీకు మంచి పేరొస్తదని చెప్పిన."

"రమ్య తడిసిందా?"

"లేదు. ఆమె మాతోని లేకుండె గదా. గాని మంచిగ చెప్పింది గదా మమ్మీ?"

"ఆఁ," అంది ప్రవీణ. "మంచిగ చెప్పింది."

దేవిశ్రీ వర్క్‌షీట్లు తీసుకుని లోపలి గదిలోకి వెళ్ళింది.

"బట్టీ పట్టే పిల్ల అయితే గట్ల చెప్పకపోతుండె," అంది ప్రవీణ నాతో. "నోట్సుల ఉన్నది చదివి ఆగిపోతుండె. ఆయనకు జర అనుమానమన్న వస్తుండె. నేను ఇంట్ల చెప్పిందే తీసి పెట్టింది."

నేను ఏదో అనాలని చూశాను.

"నువ్వు మాట్లాడకు," అంది. "నువ్వు ఆరు అన్నప్పుడే నాకు ఊపిరొచ్చింది. గదే నా బాధ."

*

వారం తిరగకముందే సోమేశ్వరరావు గారు మమ్మల్ని ఇద్దరినీ పిలిచారు. మిఠాయి పెట్టె బల్ల మీద ఉంది.

"మేడమ్, మీ పాప ఇరగదీసిందండి. నిజాంపేట బ్రాంచిలో సోమవారం తనిఖీ. తర్వాత మియాపూర్‌లో. మీరు వెళ్ళి ఒక్క పీరియడ్ చెప్పండి. అక్కడి సోషల్ మేడమ్ మానేసింది. వ్యాను పంపిస్తాను. పాపని కూడా తీసుకెళ్తే..."

"పాపను తీస్కపోను సార్."

"సరే అండి, వద్దు. ఫౌండేషన్ టెస్టు ఉందిగా దానికి." ఒక నిమిషం ఆలోచించారు. "ఆ వాన సంగతి మాత్రం బావుందండి. అక్కడి పిల్లలకి ముందే చెప్పి ఉంచమంటాను."

బయటికి వచ్చాక, వెళ్ళకపోతే ఏమవుతుందో కనుక్కుంటానన్నాను.

"పోతా," అంది ప్రవీణ. "నెలకు ఒక్కనాడన్న పాఠం చెప్తా గదా."

సోమవారం చీర మార్చుకుని వ్యానెక్కింది. ఆ సాయంత్రం అన్నం తింటూ చెప్పింది. నిజాంపేటలో ఆమె గదిలోకి అడుగు పెట్టగానే ముందు బెంచీలో ఒక అమ్మాయి లేచి గుడ్ మార్నింగ్ ప్రవీణ మేడమ్ అందట. ఆ పిల్ల ఈమెను అంతకు ముందు చూడలేదు. అధికారులు అడిగినప్పుడు, "ప్రవీణ మేడమ్ మమ్మల్ని వానలో తీసుకెళ్ళారు సార్, నేను చిప్స్ ప్యాకెట్ వేశాను," అందట. పక్క అమ్మాయి గొడుగు మర్చిపోయిందట.

"ఆటో టైరు కూడా చెప్పిందా?" అని దేవిశ్రీ అడిగింది.

"చెప్పింది."

దేవిశ్రీ నవ్వింది. ప్రవీణ పళ్ళెం తీసుకుని లేచింది.

తర్వాతి వారం మియాపూర్ బ్రాంచికి వెళ్ళింది. ఆ పై వారం ఇంకోచోటికి. ఆమె ఏ రోజు ఏ బ్రాంచిలో ఉండాలో నేనే వేస్తున్నాను. ఆ టైమ్‌టేబుల్‌లో చిక్కులు లేవు. సబ్జెక్టు ఒకటే, పాఠం ఒకటే.

సెప్టెంబరులో ఒక సాయంత్రం మళ్ళీ వాన. ముగ్గురం మళ్ళీ మియాపూర్ మెట్రో మెట్ల మీద ఆగిపోయాం. నీళ్ళు డివైడర్ పక్కనుంచి డిపో గోడ వైపు పోతున్నాయి. ఎవరిదో ప్లాస్టిక్ చెప్పు ఒకటి తేలుతూ వచ్చింది. గోడ దగ్గర ఆగకుండా కుడి వైపు తిరిగి, ఎక్కడో లోపలికి పోయింది.

దేవిశ్రీ వంగి చూసింది. "మమ్మీ, ఈసారి ఆగలే. అటు ఎటు పోతున్నయి నీళ్ళు?"

ప్రవీణ చెప్పు పోయిన వైపు చూస్తూనే ఉంది.

"నాకు తెల్వదు బిడ్డా," అంది.

"నీకు తెలుసు."

"తెల్వదు. పుస్తకంల ఉంటే చూస్కో."

దేవిశ్రీ కొంచెంసేపు ఆమెను చూసి నా వైపు తిరిగింది. "డాడీ, నువ్వు చెప్పు. ఎటు పోతున్నయి?"

నేను లెక్కల మాస్టర్ని. నాకు నిజంగానే తెలియదు.